రాంటనెన్‌ని కరోలినా చవగ్గా వదిలేసిందా? కాంట్రాక్టు చివర్లో ఉన్న వింగర్‌కి ధర ఎలా కడతారు?

మీ ప్రశ్న ఇది: "మేం కేరీలో ఉంటాం, కరోలినా హరికేన్స్ అభిమానులం. 2025 మార్చిలో మిక్కో రాంటనెన్ అంతటివాణ్ని డాలస్‌కి ఇచ్చేసి ఒక కుర్రాణ్ని, నాలుగు డ్రాఫ్ట్ పిక్‌లని తెచ్చుకున్నారు. మా గ్రూపులో సగం మంది మోసపోయామంటారు, సగం మంది అదే ఎక్కువంటారు. నాలుగు నెలల్లో ఫ్రీ ఏజెంట్ అయిపోయే వింగర్‌కి అసలు ఎంత అడగొచ్చు?"

మోసపోలేదు. ఆ రోజు వాళ్లు ఉన్న పరిస్థితిలో అంతకంటే మంచి బేరం కుదిరేది కాదు. అయితే ముందే చెప్పాలి, నేను ఉండేది ఫ్రిస్కోలో. డాలస్ స్టార్స్ ప్రాక్టీస్ చేసేది మా ఊళ్లోనే, నేను వాళ్ల అభిమానిని. కాబట్టి నేను చెప్పేదాంట్లో ఓ పది శాతం తీసేసి చదువుకోండి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది ఐస్ హాకీ, ఎన్‌హెచ్‌ఎల్ సంగతి. సెంటర్‌కి అటూ ఇటూ ఆడే ఫార్వర్డ్‌లని వింగర్లు అంటారు. ఆటగాడికి 27 ఏళ్లు నిండినా, లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తయినా, కాంట్రాక్టు అయిపోయాక జులై 1న తనకి నచ్చిన టీమ్‌కి వెళ్లిపోవచ్చు. అలాంటివాణ్నే ఫ్రీ ఏజెంట్ అంటారు. పాత టీమ్‌కి పైసా రాదు. ఫుట్‌బాల్ క్లబ్బుల్లోలాగా ఆటగాడి కోసం టీమ్‌కి కోట్లు చెల్లించే పద్ధతి ఇక్కడ లేదు. ఆటగాడికి బదులు ఆటగాడు, లేదా కుర్రాళ్లని ఎంచుకునే హక్కు, అంటే డ్రాఫ్ట్ పిక్ (ఫస్ట్ రౌండ్ పిక్‌కి విలువ ఎక్కువ, రౌండ్ దిగేకొద్దీ తగ్గుతుంది). ఇచ్చిపుచ్చుకోవడం అంతా అందులోనే. మార్చి మొదట్లో ట్రేడ్ గడువు ముగుస్తుంది. ఆలోపు అమ్మకపోతే ఇక అతన్ని ఉంచుకోవడమో, ఉత్తి పుణ్యానికి వదులుకోవడమో.

ఈ వాదనల్లో అందరూ పట్టుకునేది పాయింట్ల లెక్క (గోల్ కొట్టినా, గోల్‌కి పాస్ అందించినా ఒక్కో పాయింట్). "2022-23లో 105 పాయింట్లు, ఆ మరుసటి ఏడాది 104, అలాంటివాడికి ఇంతేనా?" అని. ఆ పాయింట్లు అతని జీతాన్ని నిర్ణయిస్తాయి, ట్రేడ్‌లో వచ్చే ధరని కాదు. కాంట్రాక్టు చివర్లో ఉన్న ఆటగాడి ధరని తేల్చేది ఒక్కటే: కొనుక్కున్న టీమ్‌తో అతను కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెడతాడా, పెట్టడా. సంతకం లేకుండా కొనడమంటే మామిడి తోటలో ఈ ఏడాది కాపు కొనుక్కోవడం లాంటిది. చెట్టు ఎంత గొప్పదైనా మీ సంచిలోకి వచ్చేది ఈ వేసవి కాయలే. సంతకంతో సహా కొంటే తోటే మీది. ధరలో తేడా అక్కడ వస్తుంది.

దీనికి సాక్ష్యం మీ టీమ్‌లోనే ఉంది. సరిగ్గా ఏడాది ముందు, 2024 మార్చి 7న, కరోలినా పిట్స్‌బర్గ్ నుంచి జేక్ గెంట్జెల్‌ని తెచ్చుకుంది. అతనూ వింగరే, అతని కాంట్రాక్టూ ఆ వేసవితో ఆఖరు. ఇచ్చింది మైకేల్ బంటింగ్, విల్లె కోయివునెన్‌తో సహా ముగ్గురు కుర్రాళ్లు, షరతులున్న పిక్‌లు. కరోలినా స్టాన్లీ కప్ (లీగ్ టైటిల్) ఫైనల్‌కి వెళ్తే పిట్స్‌బర్గ్‌కి ఫస్ట్ రౌండ్ పిక్ దక్కేది. ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్ కోసం జరిగే నాకౌట్ పోటీలు) రెండో రౌండ్‌లో న్యూయార్క్ రేంజర్స్ చేతిలో ఓడిపోవడంతో అది సెకండ్ రౌండ్‌కి దిగిపోయింది. గెంట్జెల్ బ్రహ్మాండంగా ఆడాడు, కానీ సంతకం పెట్టలేదు. జూన్ 30న, అంటే ఫ్రీ ఏజెంట్ కావడానికి ఒక్క రోజు ముందు, అతనితో మాట్లాడుకునే హక్కుని కరోలినా టాంపా బేకి అమ్ముకుంది. దానికి వచ్చింది ఒకే ఒక్క థర్డ్ రౌండ్ పిక్. టాంపా అతనికి ఏడేళ్లకి 63 మిలియన్ డాలర్లు ఇచ్చింది.

ఒకసారి గమనించండి. మార్చిలో నలుగురు ఆటగాళ్లు, పిక్‌లు. జూన్ ఆఖరికి ఒక థర్డ్ రౌండ్ పిక్. ఆ మధ్యలో గెంట్జెల్ ఆట ఏమీ తగ్గలేదు. తగ్గింది ఒక్కటే, అమ్మేవాళ్ల చేతిలో మిగిలిన రోజులు.

ఇప్పుడు రాంటనెన్ సంగతికి వద్దాం. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం, ఎందుకంటే ఆరు వారాల్లో రెండుసార్లు చేతులు మారిన ఇంత పెద్ద ఆటగాడు ఈ మధ్యకాలంలో ఇంకొకడు లేడు.

2015 డ్రాఫ్ట్‌లో పదో పిక్‌గా కొలరాడో ఎంచుకున్న ఫిన్లాండ్ కుర్రాడు. 2022లో వాళ్లతో స్టాన్లీ కప్ గెలిచాడు. ఏడాదికి 9.25 మిలియన్ల కాంట్రాక్టు, 2025తో సరి. కొలరాడోలో నేథన్ మెకినన్ జీతం 12.6 మిలియన్లు. రాంటనెన్‌కి కూడా దాదాపు అంతే ఇస్తే మిగతావాళ్లకి ఏం మిగులుతుందన్నది వాళ్ల టెన్షన్. 2025 జనవరి 24న మూడు టీమ్‌ల మధ్య బేరం కుదిరింది. కరోలినాకి రాంటనెన్, టేలర్ హాల్. కొలరాడోకి మార్టిన్ నేచాస్, జాక్ డ్రూరీ, ఒక సెకండ్ రౌండ్ పిక్, ఒక ఫోర్త్ రౌండ్ పిక్. మధ్యలో షికాగో, రాంటనెన్ జీతంలో సగం తన లెక్కలో వేసుకుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో టీమ్ మొత్తం జీతాలకి పైపరిమితి ఉంటుంది, ఆ ఏడాది 88 మిలియన్లు. అందులో రాంటనెన్ పేరు మీద పడేది 9.25 బదులు 4.625 మాత్రమే అయింది. ఆ సగాన్ని భరించినందుకు షికాగోకి దక్కింది ఒక థర్డ్ రౌండ్ పిక్. అది కూడా కొత్తదేం కాదు, ఇంతకుముందు వాళ్ల చేతులోంచి పోయిన వాళ్ల సొంత పిక్కే.

అప్పటికి అతను ఆ సీజన్‌లో 49 మ్యాచ్‌ల్లో 64 పాయింట్లు కొట్టి ఉన్నాడు. కరోలినాలో 13 మ్యాచ్‌లు ఆడి 6 పాయింట్లు. ఈ 6 పాయింట్ల వల్లే ధర పడిపోయిందని మీవాళ్లలో కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 13 మ్యాచ్‌లు చూసి ఇలాంటి ఆటగాడి మీద అభిప్రాయం మార్చుకునే జనరల్ మేనేజర్ ఎవరూ ఉండరు. అసలు చిక్కు వేరే. కరోలినాతో దీర్ఘకాలం ఉండడానికి అతను సిద్ధంగా లేడు, ఆ సంగతి లీగ్ మొత్తానికి తెలిసిపోయింది. అమ్మేవాడి అవసరం కొనేవాడికి తెలిసిపోయాక బేరం ఎలా నడుస్తుందో మనకి చెప్పాలా?

ఇక్కడే కరోలినా జనరల్ మేనేజర్ ఎరిక్ టల్స్కీ తెలివి కనిపిస్తుంది (ఆయన కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, లెక్కల దారిన హాకీలోకి వచ్చిన మనిషి). నాలుగు నెలల ఆటగాడిగా అమ్మితే, నా అంచనాలో ఒక ఫస్ట్ రౌండ్ పిక్, ఓ మంచి కుర్రాడు వచ్చేవాళ్లు. అంతకుమించి ఎవరూ ఇవ్వరు. కానీ ఆయన అమ్మింది సంతకం పెట్టడానికి అతను ఒప్పుకునే చోట. మార్చి 7న డాలస్ అతన్ని తీసుకోవడం, ఎనిమిదేళ్లకి 96 మిలియన్లు, అంటే ఏడాదికి 12 మిలియన్ల చొప్పున కాంట్రాక్టు రాసివ్వడం రెండూ ఒకేసారి జరిగిపోయాయి. అందుకే ధర అలా పలికింది: లోగన్ స్టాంకోవెన్, 2026, 2028 ఫస్ట్ రౌండ్ పిక్‌లు (షరతులతో), 2026, 2027 థర్డ్ రౌండ్ పిక్‌లు. పైగా షికాగో మోస్తున్న ఆ సగం జీతం అతనితోపాటే డాలస్‌కి వచ్చింది. ఆ సీజన్ మిగిలిన రోజులకి మా లెక్కలో కూడా 4.625 మిలియన్లే పడింది. ఒక థర్డ్ రౌండ్ పిక్ ఖర్చుతో దొరికిన ఆ వెసులుబాటుని రెండు టీమ్‌లు వాడుకున్నాయన్నమాట.

డాలస్‌తో అతను ఎందుకు ఒప్పుకున్నాడంటే చాలా కారణాలు చెప్పుకోవచ్చు. మిరో హైస్కనెన్, రూపె హింట్జ్, ఎసా లిండెల్, మికాయెల్ గ్రాన్‌లండ్, డ్రెస్సింగ్ రూమ్‌లో సగం ఫిన్లాండే. జట్టు కప్ కోసం పోటీలో ఉంది. ఇంకొకటి మన వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియా నుంచి, న్యూజెర్సీ నుంచి ఫ్రిస్కోకి ఇళ్లు మారిన తెలుగువాళ్లు ఎంతమంది ఈ లెక్క వేసుకుని రాలేదు! 12 మిలియన్ల మీద ఆ తేడా ఎంతుంటుందో మీరే గుణించుకోండి. ఫ్లోరిడా, నెవాడా టీమ్‌లకి కూడా ఈ సదుపాయం ఉంది. కొన్ని ఊళ్ల టీమ్‌లకి స్టార్ వింగర్ల సంతకాలు తేలిగ్గా దొరుకుతాయంటే, అందులో దీని పాత్ర లేదనలేం.

ఆ తర్వాత జరిగింది చూసి మీవాళ్లకి మరీ కడుపు మండింది. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో డాలస్‌కి ఎదురొచ్చింది కొలరాడోనే. మే 3న సిరీస్ తేల్చే ఏడో మ్యాచ్, మూడోదైన ఆఖరి పీరియడ్ మొదలైన కాసేపటికే 0-2తో మేం వెనకబడి ఉన్నాం. రాంటనెన్ ఒకటి కొట్టాడు. తర్వాత గోల్ వెనకాల నుంచి తిరిగొచ్చి లోపలికి తోసిన పక్ (హాకీ బిళ్ల) డిఫెండర్ స్కేట్‌కి తగిలి లోపలికి దూరింది, స్కోరు సమం. వ్యాట్ జాన్‌స్టన్ కొట్టిన మూడో గోల్‌కి పక్ అందించిందీ అతనే. చివర్లో ఖాళీ గోల్‌లోకి ఇంకొకటి. ఏడో మ్యాచ్ మూడో పీరియడ్‌లో హ్యాట్రిక్ కొట్టినవాడు ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో అంతకుముందు లేడు. 4-2. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో. కానీ ఆ హ్యాట్రిక్ చూసి మార్చి 7 నాటి బేరానికి మార్కులు వేయడం న్యాయం కాదు. కరోలినా అతన్ని ఉంచుకుని ఉంటే జులై 1న వెళ్లిపోయేవాడు.

"మరి టొరంటో నుంచి మిచ్ మార్నర్‌ని తేవాల్సింది కదా" అని మీ గ్రూపులో ఎవరో అన్నారని రాశారు. ఆ ప్రయత్నం జరిగిందనే వార్తలొచ్చాయి. అయితే మార్నర్ కాంట్రాక్టులో అతని అనుమతి లేకుండా ఎక్కడికీ పంపకూడదన్న షరతు ఉంది. అతను ఒప్పుకోలేదు. అక్కడితో అయిపోయింది. ఈ షరతు ఉన్న ఆటగాడి ధర గురించి వాదించడం దాదాపు దండగ. 2023లో షికాగో నుంచి పాట్రిక్ కేన్ రేంజర్స్‌కే వెళ్తానన్నాడు. కొనేవాడు ఒక్కడే అయ్యేసరికి, మూడు కప్‌లు గెలిచిన అంతటి వింగర్‌కి చివరికి దక్కింది ఒక సెకండ్ రౌండ్ పిక్, ఒక ఫోర్త్ రౌండ్ పిక్, కిందిస్థాయి లీగ్ ఆటగాడొకడు.

మార్నర్ సంగతి చివరికి ఏమైందో కూడా చూడండి. 102 పాయింట్ల సీజన్ తర్వాత, 2025 జూన్ 30న, ఎనిమిదేళ్లకి 96 మిలియన్ల కాంట్రాక్టుతో వేగస్‌కి వెళ్లాడు. టొరంటోకి దక్కింది నికోలస్ రువా ఒక్కడు. మర్నాడు ఊరికే దొరికేవాడికి వేగస్ ఒక ఆటగాణ్ని ఎందుకిచ్చింది? సొంత టీమ్ అయితే ఎనిమిదేళ్లు రాసివ్వొచ్చు, బయటి టీమ్ జులై 1 తర్వాత ఏడేళ్లకి మించి రాయకూడదు. ఆ ఎనిమిదో ఏడాదికీ, వేరే టీమ్‌లు పోటీకి రాకుండా ఉండడానికీ కలిపి కట్టిన ధర రువా.

ఇక అమ్మకుండా ఉంచుకోవడం గురించి. మన చర్చల్లో ఇది ఎప్పుడూ తెలివితక్కువ పనిగానే కనిపిస్తుంది. నా లెక్కలో కాదు. 2019లో కొలంబస్ టీమ్ ఆర్టెమి పనారిన్‌ని అమ్మలేదు, గోల్‌కీపర్ బొబ్రోవ్‌స్కీనీ అమ్మలేదు. పైగా గడువు ముందు డుషేన్, డ్జింగెల్ లాంటివాళ్లని కొనుక్కొచ్చింది. ఆ ఏడాది 62 మ్యాచ్‌లు గెలిచిన టాంపాని మొదటి రౌండ్‌లో 4-0తో ఊడ్చేసింది. కొలంబస్ ఒక ప్లేఆఫ్ సిరీస్ గెలవడం అదే మొదటిసారి. జులైలో పనారిన్ ఏడేళ్లకి 81.5 మిలియన్లతో న్యూయార్క్ వెళ్లిపోయాడు, బొబ్రోవ్‌స్కీ ఫ్లోరిడా వెళ్లిపోయాడు, కొలంబస్ చేతికి చిప్ప మిగిలింది. అయినా ఆ ఊరివాళ్లని అడగండి, ఆ ఏప్రిల్‌ని రెండు పిక్‌లకి అమ్ముకుంటారేమో.

అదే పని టేబుల్ మధ్యలో ఉన్న టీమ్ చేస్తే మాత్రం నేను సమర్థించను. 2025లో వాంకూవర్ బ్రాక్ బెసర్‌ని గడువు దాటాక కూడా ఉంచుకుంది. వచ్చిన ఆఫర్లు ఎంత తక్కువో చెప్తే మీరు నమ్మరన్నట్టుగా వాళ్ల జనరల్ మేనేజర్ మాట్లాడారు. ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. జులై 1న అతను మళ్లీ వాళ్లతోనే ఏడేళ్లకి 50.75 మిలియన్ల సంతకం పెట్టాడు కాబట్టి బతికిపోయారు. అది ప్లాన్ కాదు, అదృష్టం.

బేరంలో బాగా పనికొచ్చే ఇంకో పద్ధతి ఉంది, షరతుల పిక్. ఇద్దరికీ ధర మీద కుదరనప్పుడు, "ఎంత దూరం వెళ్తే అంత ఇవ్వు" అనుకోవడం. అదే 2025 మార్చి 7న బోస్టన్ తన కెప్టెన్ బ్రాడ్ మార్షాండ్‌ని ఫ్లోరిడాకి ఇచ్చింది. వయసు 36, అప్పటికి గాయంతో ఉన్నాడు, కాంట్రాక్టు చివర. జీతంలో సగం బోస్టనే పెట్టుకుంది. కాగితం మీద వచ్చింది సెకండ్ రౌండ్ పిక్. ఫ్లోరిడా ముందుకెళ్లేకొద్దీ అది ఫస్ట్ రౌండ్ పిక్ అయింది. మార్షాండ్ ప్లేఆఫ్స్‌లో 10 గోల్స్ కొట్టి కప్ ఎత్తాడు. ఆ రోజు నవ్వినవాళ్లంతా జూన్‌లో నోరు మూసుకున్నారు, నాతో మ్యాచ్‌లు చూసే బ్యాచ్‌తో సహా.

ఇకముందు మీరు లెక్కలు వేసేటప్పుడు మారిన రూల్స్ రెండు మూడు గుర్తుంచుకోవాలి. జీతాల పరిమితి 2025-26కి 95.5 మిలియన్లు, 2026-27కి 104, ఆపై ఏడాదికి 113.5. చాలా టీమ్‌ల దగ్గర డబ్బు ఉంటుంది కాబట్టి సొంత వింగర్లని ఉంచుకోవడం తేలికైంది. కిరిల్ కప్రీజోవ్ కాంట్రాక్టు 2026తో అయిపోవాల్సింది. మినెసోటా 2025 సెప్టెంబర్ చివర్లో ఎనిమిదేళ్లకి 136 మిలియన్లు, ఏడాదికి 17 మిలియన్లు ఇచ్చి కట్టేసుకుంది. ఇలాంటివాళ్లు మార్కెట్‌కి రావడం తగ్గితే, వచ్చిన కొద్దిమందికి ధర పెరుగుతుంది. షికాగో చేసినట్టు మధ్యలో మూడో టీమ్ దూరి సగం జీతం మోయడం కూడా ఇప్పుడు అంత సులువు కాదు. ఒక కాంట్రాక్టు మీద ఒక టీమ్ జీతం పంచుకున్నాక రెండో టీమ్ పంచుకోవాలంటే 75 రోజులు ఆగాలి. కాబట్టి గడువు రోజున ఒకే ఊపులో రెండు టీమ్‌లు చెరికొంత మోసే బేరాలు ఇక ఉండవు. జీతం పెద్దదైన వింగర్‌ని కొనగలిగే టీమ్‌లు ఆ మేరకు తగ్గుతాయి. 2026 సెప్టెంబర్ నుంచి కాంట్రాక్టు గరిష్ఠ కాలం కూడా సొంత టీమ్‌కి ఏడేళ్లు, బయటివాళ్లకి ఆరేళ్లకి దిగుతుంది. ఆ ఒక్క ఏడాది తేడా అలాగే ఉంది కనుక, జూన్ చివరి వారంలో హక్కులు అమ్ముకునే పద్ధతి ఎక్కడికీ పోదు.

మళ్లీ మీ కరోలినా ఖాతా. రెండు బేరాలూ కలిపి చూస్తే, పోయినవాళ్లు నేచాస్, డ్రూరీ, షికాగోకి ఇచ్చినదానితో కలిపి మూడు పిక్‌లు. వచ్చినవాళ్లు హాల్, స్టాంకోవెన్, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు థర్డ్ రౌండ్ పిక్‌లు. హాల్ మూడేళ్లకి ఏడాదికి మూడు మిలియన్ల పైచిలుకుతో ఉండిపోయాడు. స్టాంకోవెన్ 2025 జులై 1న ఎనిమిదేళ్లకి, ఏడాదికి 6 మిలియన్లకి సంతకం పెట్టాడు. ఇంకా పాతికేళ్లు కూడా నిండనివాడు. ఇటు నేచాస్‌ని ఉంచుకోవడానికి కొలరాడో 2025 అక్టోబర్‌లో ఏడాదికి 11.5 మిలియన్లు ఇవ్వాల్సి వచ్చింది. రాంటనెన్‌కి డాలస్ ఇచ్చిన దానికంటే అర మిలియన్ మాత్రమే తక్కువ.

రాంటనెన్‌కి దాచిన డబ్బుతో ఆ జులైలోనే కరోలినా విన్నిపెగ్ నుంచి నికోలాయ్ ఈలర్స్‌ని తెచ్చుకుంది, ఆరేళ్లకి 51 మిలియన్లు. అతనూ కాంట్రాక్టు చివర్లో ఉన్న వింగరే. లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్నామని విన్నిపెగ్ మార్చిలో అతన్ని అమ్మలేదు, రెండో రౌండ్‌లో మా చేతిలో ఓడింది. కరోలినా ఈలర్స్ కోసం ఒక్క పిక్ కూడా ఇవ్వలేదు. "మోసపోయాం" అంటున్న సగం మందికి ముందు ఈ ఖాతా చూపించండి. వాళ్లు స్టాంకోవెన్‌నీ రాంటనెన్‌నీ పక్కపక్కన పెట్టి పాయింట్లు లెక్కపెడుతుంటే, స్టాంకోవెన్ పక్కన ఈలర్స్‌నీ, ఆ రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లనీ కూడా కూర్చోబెట్టమనండి.